చేతులు దాచిన బొమ్మలు

ప్రశ్న:

నమస్తే సార్. మాది కాజీపేట. హైదరాబాద్‌లో బీఎఫ్ఏ పెయింటింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెలలో మా డిస్‌ప్లే. నాలుగేళ్లలో నా కళ ఎలా ఎదిగిందో రెండు పేజీలు రాసి బొమ్మల పక్కన పెట్టమన్నారు. మూడు రాత్రులు కూర్చున్నాను. మూడు లైన్లు కూడా రాలేదు.

మొదటి సంవత్సరంలో ఇంటికి వస్తూ పోతూ కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని నోట్‌బుక్కులు నింపేదాన్ని. రెండో ఏడు చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి గీతల పిచ్చి పట్టింది, అచ్చం అలాగే గీశాను. మూడో ఏడు టెక్స్చర్లు, అబ్‌స్ట్రాక్ట్. ఇప్పుడు ‘అస్తిత్వం’ పేరుతో నాలుగు పెద్ద కాన్వాసులు చేశాను. సార్లు బాగున్నాయన్నారు. కానీ మొన్న ఫోన్‌లో మొదటి ఏడాది బొమ్మలు కనిపిస్తే ఏడుపొచ్చింది. అవే బాగున్నాయి. నేను ముందుకు వచ్చానా, వెనక్కి పోయానా?

నా ఫ్రెండ్‌కు అప్పుడే ఒక స్టైల్ వచ్చింది. ఇన్‌స్టాలో ఆర్డర్లు కూడా వస్తున్నాయి. నాకు స్టైలే లేదు. పెద్ద బొట్టు పెట్టి తెలంగాణ ఆడవాళ్లను వేయి, అమ్ముడుపోతాయి అని ఒకరు సలహా ఇచ్చారు. మా బాపు రైల్వేలో ట్రాక్‌మన్. ఇక చాలు, రైల్వే పరీక్ష రాయి అంటున్నాడు. ఆ పాత నోట్‌బుక్కులు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. అన్నీ పారేసి కొత్తగా మొదలుపెట్టాలనిపిస్తోంది. తొమ్మిది ఫొటోలు పంపుతున్నాను. నిజం చెప్పండి.

– పేరు వద్దన్న పాఠకురాలు, కాజీపేట

జవాబు:

బిడ్డా, నీ ఫొటోలు మొదట ఫోన్‌లో చూశాను. ఫోన్‌లో బొమ్మ చూడటమంటే తలుపు సందులోంచి పెళ్లి చూసినట్టు. అందుకని హన్మకొండ చౌరస్తాలో జిరాక్స్ షాపుకు పోయి తొమ్మిదీ ప్రింట్ తీయించుకొచ్చాను. టేబుల్ మీద వరసగా పెట్టి రెండు రోజులు వస్తూ పోతూ చూశాను. మా ఆవిడ కూడా చూసింది. ‘‘ఈ పడుకున్న ముసలాయన ఎవరు, మనకు తెలిసినాయనలా ఉన్నాడు’’ అంది. అది నీ మొదటి ఏడాది బొమ్మ. అంటే నీ ఏడుపుకు కారణం లేకపోలేదు.

కానీ నీ కంట పడనిది ఒకటి నాకు కనిపించింది. ముందు అది చెప్తాను.

స్టేషన్ బొమ్మలు నాలుగు పంపావు. బస్తా మీద తల పెట్టి పడుకున్న ముసలాయన. గంప పక్కన కూర్చున్న అమ్మ. పిల్లను ఒళ్లో వేసుకున్న తల్లి. బెంచీ మీద అటు తిరిగి కూర్చున్న ఇద్దరు మగవాళ్లు. పిల్లతో కలిపి ఆరుగురు. ఈ ఆరుగురికీ కలిపి చేతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ఒక్కటి కూడా లేదు. ముసలాయన చేతులు దుప్పటి కింద ఉన్నాయి. గంపమ్మ చేతులు గంప వెనక. పిల్ల చేతులు తల్లి కొంగులో, తల్లి చేతులు పిల్ల కింద. బెంచీ మీది ఇద్దరూ నీకు వీపు చూపించి కూర్చున్నారు.

చలికాలం రాత్రి ప్లాట్‌ఫాం మీద దుప్పటి కప్పుకోనివాళ్లు ఉండరు, నిజమే. అయినా ఆరుగురికి ఆరుగురూ చేతులు దాచుకోరు. దాచింది నువ్వు. గీయడం రాక దాచావు.

ఇప్పుడు ‘అస్తిత్వం’లో మూడో కాన్వాసు తీసి చూడు. సూదిలో దారం ఎక్కిస్తున్న ఆవిడ. ఆ కాన్వాసు మొత్తంగా నాకు నచ్చలేదు, ఎందుకో తర్వాత చెప్తాను. ఆ చేతులు మాత్రం నన్ను కూర్చోబెట్టాయి. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ సూదిని పట్టుకున్న తీరు, కుడిచేతి చిటికెనవేలు తనకు తెలియకుండానే గాలిలోకి లేవడం, దారం కొసను తడిపి మెలిపెట్టిన వేళ్ల బిగువు. ఎవరినో పక్కన కూర్చుని రోజుల తరబడి చూస్తే తప్ప ఇది రాదు. మొదటి ఏడాది నువ్వయితే ఆవిడ చేతుల మీద ఒక జాకెట్ ముక్క కప్పేసి ఊరుకునేదానివి.

ఇంత పెద్ద ఉత్తరంలో ఆ చేతుల గురించి ఒక్క ముక్క రాయలేదు నువ్వు. రాని పని ఒకసారి వచ్చిందంటే, అది రాని రోజులు ఎవరికీ గుర్తుండవు.

దొంగను దొంగే పడతాడంటారు. నేనెలా పట్టుకున్నానో చెప్పాలి కదా. నేను 1970ల చివర్లో హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకున్నాను. చదువు అయిపోయి ఊరికి వచ్చేటప్పుడు నా దగ్గర ట్రంకు పెట్టె నిండా నోట్‌బుక్కులున్నాయి. నాలుగైదేళ్లకు పెళ్లయి వేరే ఇంటికి మారేటప్పుడు వాటిని పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన అమ్మేశాను. వాటిని చూస్తే సిగ్గేసేది, ఇప్పుడు నీకు వేస్తున్నట్టే. ఆ పైసలతో ఏం కొన్నానో కూడా యాదికి లేదు. ఒకే ఒక్క నోట్‌బుక్కు మిగిలింది, అదీ నా గొప్పతనం కాదు. అటుకుల డబ్బా ఊగుతోందని మా అమ్మ దాన్ని డబ్బా కింద ఎత్తు పెట్టుకుంది. చాలా ఏళ్ల తర్వాత, దసరాకు ముందు ఇంటికి సున్నాలు వేయిస్తుంటే బయటపడింది.

తెరిచి చూస్తే నవ్వాపుకోలేకపోయాను. నా మనుషులందరూ వరి మడిలో నిలబడి ఉన్నారు. మడిలో లేనివాళ్లు గడ్డిలో ఉన్నారు. గడ్డిలో లేనివాళ్లు చెరువులో మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు. వ్యవసాయం మీద ప్రేమ అనుకునేవు. నాకు పాదాలు గీయడం రాదు, అంతే. తర్వాత వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పించాను కూడా. కానీ ఏ ఏడాది, ఏ నెలలో, ఏ పేజీలో నా మనిషి ఆ మడిలోంచి గట్టెక్కాడో నాకు ఇక తెలియదు. ఆ పేజీ ఏ దుకాణంలో బజ్జీల పొట్లమైపోయిందో.

అందుకని మొదటి మాట: నోట్‌బుక్కులు పారేయకు. సిగ్గుగా ఉంటే గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టు. పెట్టేముందు ప్రతి దాని వెనకా నెల, సంవత్సరం, ఎక్కడ గీశావో రాయి. ఇప్పుడు గుర్తున్నట్టే అనిపిస్తుంది. రెండేళ్లు పోతే ఏది ముందో ఏది వెనకో తెలియదు.

ఇక పోయిందేమిటో చూద్దాం. నువ్వు నిజం చెప్పమన్నావు.

ముసలాయన బొమ్మలో ముప్పావు వంతు కాగితం ఖాళీ. నువ్వు ఏమీ వేయని ఆ చోటే ప్లాట్‌ఫాం అయింది, చలి అయింది, లేటయిన రైలు అయింది. చూసేవాళ్ల కన్ను అక్కడ కాసేపు తిరిగి ముసలాయన దగ్గరికి వచ్చి ఆగుతుంది. ‘అస్తిత్వం’లో అరచేయంత ఖాళీ కూడా లేదు. టెక్స్చర్ పేస్ట్, దాని మీద గోనెసంచి ముక్క, దాని మీద పేపర్ కటింగులు, మూలన బంగారు రంగు, పైన వేలాడుతూ ఒక పంజరం. పంజరం ఎందుకమ్మా? ఆడమనిషి బొమ్మ పక్కన పంజరం కనిపించని స్టూడెంట్ డిస్‌ప్లే నేను ఈమధ్య చూడలేదు. అంత బాగా వేసిన చేతులు ఈ సామాన్ల మధ్య ఇరుక్కుపోయాయి. మా ఆవిడకైతే అవి కనిపించనే లేదు. నేను వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

ఇది ఎందుకు జరిగిందో నేను ఊహించగలను. నాలుగు అడుగులు, ఐదు అడుగుల కాన్వాసు ఎదురుగా నిలబడితే ఎవరికైనా గుండె దడ. ఖాళీగా వదిలితే పని చేయలేదంటారని భయం. బొమ్మలు చూసి మార్కులు వేసే జ్యూరీలో ‘ఇంకా కొంచెం వర్క్ చెయ్’ అనే మాట అందరం విన్నాం. ఇంకా చెయ్ అంటే ఇంకా చూడు అని. మనం ఇంకా నింపు అని వింటాం. దానికి తోడు నువ్వు పేరు ముందు పెట్టుకున్నావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ‘అస్తిత్వం’ అని పేరు పెట్టాక ఆ మాటకు సరిపడా బరువు తేవాలని పంజరాలూ గోనెసంచులూ మోసుకొచ్చావు. స్టేషన్‌లో ముసలాయనకు పేరేం పెట్టావు? బొమ్మ కింద ఉంది, చదివాను. ‘సార్ రైలు మిస్సయ్యాడు’ అని. దాని ముందు అస్తిత్వం ఎందుకు పనికొస్తుంది!

అయితే వెనక్కి పోయినట్టేనా? కాదు. నువ్వు పోల్చిన తీరే తప్పు. ఐదు నిమిషాల పెన్ను గీతనూ మూడు నెలల ఆక్రిలిక్‌నూ పక్కపక్కన పెట్టుకుని ఏది మంచిదని ఏడుస్తున్నావు. తక్కెడలో ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిర్చి వేసి ఏది మంచి సరుకు అని అడిగితే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో నవ్వుతారు. చేయి ఎంత మారిందో తెలియాలంటే అదే పని మళ్లీ చేసి చూడాలి. నువ్వు మొదటి ఏడాది తర్వాత స్టేషన్‌లో పెన్ను తీయలేదు. నాలుగేళ్ల చదువూ చదివిన ఇప్పటి చేయి ఆ బెంచీ మీద కూర్చుంటే ఏం గీస్తుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

రామప్పకు స్కూల్ టూర్‌లో పోయే ఉంటావు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు. వచ్చినవాళ్లందరూ తలెత్తి మదనికలనే, ఆ ఆడవాళ్ల శిల్పాలనే చూస్తారు. ఆ నల్లరాతి నునుపు చూడకుండా ఎవరుండగలరు. నేను మా పిల్లలను తీసుకుపోయినప్పుడు మాత్రం ముందు కిందికి చూడమనేవాణ్ణి. గుడి చుట్టూ గోడ అడుగు భాగంలో ఏనుగుల వరుస పోతుంటుంది, వందల ఏనుగులు. పక్కపక్కన ఉన్న పది ఏనుగులను గీయండి అనేవాణ్ణి. ‘అన్నీ ఒకటే కదా సార్’ అని గొణిగేవాళ్లు. నాలుగో ఏనుగుకు వచ్చేసరికి గొణుగుడు ఆగేది. ఒకటి తొండం మడిచిన తీరు ఇంకోదానికి లేదు, ఒకటి కాలు వేసిన చోట ఇంకోటి వేయలేదు. పదో ఏనుగు అయ్యాక వెనక్కి తిప్పి మొదటి ఏనుగును చూసుకోమంటే పిల్లలు సిగ్గుపడేవాళ్లు. రెండు గంటల్లో అంత తేడా వచ్చేది. ఆ ఏనుగులను చెక్కినవాళ్లకు తమ చేయి ఎంత ఎదిగిందో పక్క రాయి చెప్పి ఉంటుంది. రెండు పేజీలు రాసి పెట్టమని వాళ్లనెవరూ అడగలేదు.

నీకు నెల ఉంది. ఏనుగుల దాకా పోనక్కర్లేదు, నీ బెంచీ నీకుంది. ఇంటికి వచ్చినప్పుడు ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని స్టేషన్‌కు పో. ఆ టికెట్ రెండు గంటలు చెల్లుతుంది, ఆ రెండు గంటలు చాలు. మొదటి ఏడాది వాడిన సైజు నోట్‌బుక్కే, ఆ రకం బాల్‌పెన్నే తీసుకో. పెన్సిల్ వద్దు, రబ్బరు అసలే వద్దు. దాన్ని వెంట తీసుకుపోతే చెరపడంలోనే పొద్దు గడుస్తుంది. ఒక్కో బొమ్మకు ఐదు నిమిషాలు, లేదా ఆ మనిషి లేచి వెళ్లిపోయేదాకా. రైల్వే పోలీసులు, ఆర్పీఎఫ్ వాళ్లు ఏం చేస్తున్నావని అడుగుతారు, నోట్‌బుక్కు తెరిచి చూపించు. నా అనుభవంలో చూపించాక వాళ్లలో ఒకరు తన బొమ్మ కూడా గీయమంటారు. గీయి. యూనిఫాం వేసుకున్న మనిషి ఐదు నిమిషాలు కదలకుండా నిలబడటం మామూలు అదృష్టం కాదు.

అలా నాలుగు సార్లు పోతే ముప్పై నలభై బొమ్మలవుతాయి. అందులో ఇరవై చెడిపోతాయి, అది మామూలే. మిగిలినవాటిని పాతవాటితో కలిపి ఇంటి డాబా మీద పరిచి చూడు. గాలికి ఎగిరిపోకుండా అంచుల మీద చిన్న రాళ్లు పెట్టుకో. పైన పాతవి, కింద కొత్తవి. గుణాలు వెతకకు, చేతులు వెతుకు. ఖాళీ వెతుకు. ముందు ఏది దాచేదానివో ఇప్పుడు ఏది దాస్తున్నావో వెతుకు. ఎందుకంటే ఇప్పుడూ ఏదో ఒకటి దాస్తూనే ఉంటావు. నాకైతే అనుమానం ముఖాల మీద ఉంది. నాలుగు పెద్ద కాన్వాసుల్లోనూ ఒక్క ఆవిడా మన వైపు చూడటం లేదు.

స్టైల్ సంగతికి వస్తాను. రెండో ఏడంతా లక్ష్మాగౌడ్ గారిలా గీశానని తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశావు. అందులో తప్పేముంది? మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో నేర్చుకుని, గుజరాత్‌లోని బరోడాకు పోయి మ్యూరల్ (గోడ బొమ్మలు), ప్రింట్‌మేకింగ్ చదివిన మనిషి ఆయన. ఆ మేకల, ఆ పల్లె మనుషుల గీత వెనక ఎంత చూపు ఉందో అనుకరించినవాళ్లకే కొంత తెలుస్తుంది. నీ రెండో ఏడాది బొమ్మ ఒక్కటే పంపావు, ఆ మేక నీది కాదని నాకూ తెలుసు. కానీ సూది పట్టుకున్న ఆ వేళ్ల అంచున గీత సన్నబడి మళ్లీ లావవుతుందే, అది ఆ ఏడాది ఆ మేక దగ్గర నేర్చుకున్నదే. అప్పు తీసుకుని ఆ డబ్బుతో బాయి తవ్వుకున్నట్టు. నీళ్లు పడ్డాయి కదా, ఇంకా అప్పు గురించి ఏడవడం దేనికి.

చేర్యాలలో ఒకసారి ఒక పెద్దాయన ఇంటికి పోయాను. నకాషీ పటాలు, అంటే కథలు చెప్పడానికి బట్ట మీద వేసే బొమ్మలు, వేసే కుటుంబం. మీకు క్లాసులో చెప్పే ఉంటారు. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రటి నేల మీద కథంతా అరలు అరలుగా వేస్తారు. పద్మశాలీలకు చెప్పేవాళ్ల పటం వేరు, ముదిరాజ్‌లకు చెప్పేవాళ్ల పటం వేరు. కూనపులివాళ్లు, కాకిపడగలవాళ్లు ఆ పటాలను ఊరూరా విప్పి కథ చెప్పేవాళ్లు. ఆ పెద్దాయన రెండు చిన్న పటాలు నా ముందు పెట్టి, ‘‘ఒకటి నాది, ఒకటి నా కొడుకుది. చెప్పండి సార్’’ అన్నాడు. నేను చాలాసేపు చూసి తప్పు చెప్పాను. ఆయన నవ్వి, కంటి రెప్ప గీసిన చోట వేలు పెట్టాడు. ‘‘వాడు ఇక్కడ ఆగుతాడు. నేను ఆగను’’ అన్నాడు. కొడుక్కి ఆ సంగతి తెలుసా అని అడిగితే, తెలియదు, తెలిస్తే చెడగొట్టుకుంటాడు అన్నాడు.

మీ ఫ్రెండ్‌కు వచ్చింది స్టైలో, ఒకే రకం ఆర్డర్లు వరసగా వస్తే పడిన అలవాటో నేను చూడకుండా చెప్పను. ఆర్డర్లు వస్తే మంచిదే, రంగుల ఖర్చు ఊరికే వెళ్లదు కదా. నీకూ ఎవరైనా ఫొటో చూసి పోర్ట్రెయిట్ వేయమంటే వేయి, డబ్బులు తీసుకో. వాటిని వేరే ఫైలులో పెట్టుకో. అంతకంటే దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

పెద్ద బొట్టు సలహా మాత్రం నాకు మండిపోతుంది. ఆ పెద్ద బొట్టు ఆడవాళ్లను వేసిన చిత్రకారుడు తోట వైకుంఠం గారు 1942లో మన పాత కరీంనగర్ జిల్లాలో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్లో చూసిన మనుషులు, ఆడవేషం కట్టిన నాటకాలవాళ్లు, వాళ్ల అమ్మ – ఇవన్నీ ఆయన లోపల ఉన్నాయి. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, ఏళ్ల తరబడి బొగ్గుతోనూ రంగుతోనూ పెనుగులాడితే ఆ బొట్టు వచ్చింది. ఇప్పుడు హోటల్ లాబీలో చూసినా, అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన చూసినా, పెళ్లికార్డు మీద చూసినా అదే బొట్టు, అదే చీర, అదే చిలక. వేసినవాళ్లలో సగం మంది ఆయన బొమ్మ అసలుది ఎప్పుడూ చూడనివాళ్లే. మీ అమ్మ అంత బొట్టు పెట్టుకుంటుందా? పెట్టుకుంటే వేయి. లేకపోతే నీకెందుకు ఆ గోల. తెలంగాణతనం కావాలంటే నీ గంపమ్మ ఉంది. ఆమె గంప మీద తడిగుడ్డ కప్పిన తీరు చూస్తేనే అది ఈ ప్రాంతపు ఎండ అని తెలుస్తుంది.

మీ బాపు మాట. ఉత్తరంలో ఆయనకు రెండు లైన్లు ఇచ్చావు. రైల్వే పరీక్ష రాయి అన్నాడని బాధపడుతున్నావు. రాయి బిడ్డా, నష్టమేముంది? ఉద్యోగం చేస్తే కళ చచ్చిపోతుందని చెప్పేవాళ్లు మామూలుగా ఇంటి అద్దె కట్టనవసరం లేనివాళ్లు. సిద్దిపేటలో కాపు రాజయ్య గారు డ్రాయింగ్ టీచర్‌గా పనిచేస్తూనే మన బోనాలనూ బతుకమ్మనూ దేశమంతా చూసేలా వేశారు. నేను అంతటివాణ్ణి కాదు గానీ, నేనూ బడి గంటల మధ్యే బతికాను. ఎంఎఫ్ఏ చేయాలనుంటే అదీ చూడు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, బరోడా ఉంది, శాంతినికేతన్ ఉంది. మన మహబూబాబాద్ దగ్గరి పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు గారు ఆ రోజుల్లోనే శాంతినికేతన్ దాకా పోయి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చారు. దూరం అని ఆగకు. రైల్వే పరీక్షకూ ఎంఎఫ్ఏకూ రెండింటికీ అప్లై చేయి, ఏది వస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఇందులో ఇంతకంటే తలనొప్పి పెట్టుకోవాల్సింది లేదు.

నాకు ఆసక్తి కలిగించింది వేరే. ట్రాక్‌మన్ అన్నావు కదా. కీమ్యాన్ డ్యూటీ పడితే ఏం చేస్తారో ఎప్పుడైనా అడిగావా? భుజాన సుత్తీ స్పానరూ వేసుకుని రోజూ అదే లైన్ మీద కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. వదులైన బిగింపు కనిపిస్తే బిగిస్తారు. పట్టాలో వెంట్రుకంత పగులు వచ్చినా వాళ్ల కంటికి దొరకాలి. నిన్న లేనిది ఇవాళ ఏమొచ్చిందో చూడటమే ఆయన ఉద్యోగం. మీ జ్యూరీలో కూర్చునేవాళ్లలో ఎంతమందికి అంత కన్ను ఉందో నేను చెప్పలేను. డాబా మీద పాత బొమ్మలూ కొత్త బొమ్మలూ పరిచినప్పుడు ఆయన్ను పిలువు. కళ అనీ, ఎదుగుదల అనీ అనకు. ‘బాపూ, పైవాటికీ కిందవాటికీ తేడా ఏముంది?’ అని అడిగి ఊరుకో. ఏం చెప్తాడో రాసుకో, సరిదిద్దకు.

ఇది చదివి అప్పుడే ‘శ్రమ’ అని పేరు పెట్టి మీ బాపు మీద ఐదో కాన్వాసు మొదలుపెట్టకు. నీ సంగతి నాకు అర్థమైంది. సుత్తి, పట్టాలు, వెనక ఉదయించే సూర్యుడు, మూలన బంగారు రంగు. వద్దు.

డిస్‌ప్లేలో ఏం పెట్టాలంటావా. నాలుగు కాన్వాసుల్లో మొదటిదీ నాలుగోదీ గోడకు తిప్పి ఆనించు. రెండోది ఉంచు. మూడోదానిలో పంజరం మీద, పేపర్ కటింగుల మీద గరుకు కాగితంతో రుద్ది, తెల్లగా పూత పూసి చూడు, సూది దాకా రాకుండా. నెలలో అయ్యే పనే. భయమేస్తే ముందు ఫొటో ప్రింట్ మీద వైట్‌నర్ పూసి చూసుకో, నేను నిన్న అదే చేశాను. ఆవిడ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. నేను వేలు పెట్టి చూపించకుండానే మా ఆవిడ చేతులు చూసింది. పక్క గోడకు స్టేషన్ బొమ్మలు, పాతవీ కొత్తవీ. ఫ్రేములు వద్దు, డబ్బు దండగ, క్లిప్పులు చాలు. మీ సార్లు ఒప్పుకోకపోతే గొడవ పడకు. నాలుగు కాన్వాసులూ పెట్టి, నోట్‌బుక్కులు ముందు ఒక స్టూల్ మీద పెట్టు. చూసేవాళ్లు తెరుస్తారు.

ఇక ఆ రెండు పేజీలు. నీకు రాయడం రాక కాదు, ఎదుగుదల అనే మాట ఎదురుగా పెట్టుకుని కూర్చున్నావు గనక రాలేదు. అన్వేషణ, అంతర్ముఖం, అస్తిత్వం – ఈ మూడు మాటలూ నీకు నిషేధం. ముందు తెలుగులో రాయి, మీ బాపుకు చెప్తున్నట్టు. ఇంగ్లిష్ కావాలంటే తర్వాత ఎవరితోనైనా మార్పించుకోవచ్చు. మొదటి లైను నేనే ఇస్తాను, అప్పుగా: ‘మొదటి ఏడాది నాకు చేతులు గీయడం రాదు. అందుకని అందరికీ దుప్పట్లు కప్పేదాన్ని.’ ఆ తర్వాత ఏమైందో నీకే తెలుసు.

డిస్‌ప్లే తేదీ రాయి. మోకాళ్లు సహకరిస్తే వస్తాను. వచ్చేటప్పుడు కాజీపేటలో నీ బెంచీ ఏదో చూసి ఎక్కుతాను.

ఇంకొకటి. సూదిలో దారం ఎక్కిస్తున్న ఆవిడ ఎవరు? ఉత్తరంలో రాయలేదు. మా ఆవిడ అడగమంది.